డిగ్రీ: త్వరగా పూర్తిచేయాలా, నిదానంగానా?



వరి పండించే ఇళ్ల నుంచి వచ్చినవారికి నేను మొదట చెప్పబోయే సంగతి కొత్తది కాదు. వరిలో స్వల్పకాలిక రకాలు ఉన్నాయి, దీర్ఘకాలిక రకాలు ఉన్నాయి. మారుటేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎం.టి.యు. 1010 సుమారు 120 రోజుల్లో కోతకు వస్తుంది. అక్కడి నుంచే వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి దాదాపు 150 రోజులు తీసుకుంటాయి. వీటిలో ఏది మంచిదని రైతును అడిగి చూడండి. ఆయన సూటిగా సమాధానం చెప్పడు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, పొలం పల్లమా మెరకా, వరి తరువాత మినుము వేసుకోవాలా అని మిమ్మల్నే ఎదురు అడుగుతాడు. నెల రోజులు మిగిలితే ఆ నెలలో ఏం వేస్తామన్నది ఆయన లెక్క. వేయడానికి ఏమీ లేనప్పుడు నెల ముందు కోసి ఏం లాభం?

డిగ్రీ చదువు విషయంలో ఇటువంటి లెక్క వేసుకునే అవకాశం మన విద్యార్థులకు మొన్నమొన్నటి దాకా లేదు. మూడేళ్లంటే మూడేళ్లే. ఇప్పుడు ఆ అవకాశం వచ్చింది. రాగానే చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "త్వరగా అయిపోతుందా?" ఆ ప్రశ్నను కొంచెం విప్పి చూద్దాం.

ఏమి మారింది?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే మనమంతా యూజీసీ అని పిలుచుకునే సంస్థ, 2024 నవంబరులో కొన్ని విధివిధానాలను ఆమోదించింది. అప్పుడు దాని అధ్యక్షులు తెలంగాణకు చెందిన ఆచార్య ఎం. జగదీశ్ కుమార్. ఆ విధివిధానాల ప్రకారం మూడేళ్ల డిగ్రీని ఆరు సెమిస్టర్లకు బదులు అయిదు సెమిస్టర్లలో ముగించవచ్చు. నాలుగేళ్ల డిగ్రీని ఎనిమిదికి బదులు ఆరు లేదా ఏడు సెమిస్టర్లలో ముగించవచ్చు. దీనిని వేగవంతమైన డిగ్రీ కార్యక్రమం అనుకుందాం. దీనికి ఎదురుగా మరొక దారి ఉంది. అదే డిగ్రీని అదనంగా రెండు సెమిస్టర్ల వరకు పొడిగించుకుని, ప్రతి సెమిస్టరులో తక్కువ సబ్జెక్టులు తీసుకుంటూ చదవవచ్చు. ఇది పొడిగించిన డిగ్రీ కార్యక్రమం. 2025లో నోటిఫై అయిన యూజీసీ నిబంధనల్లో కూడా ఈ రెండు దారులకు చోటు దొరికింది.

కొన్ని షరతులున్నాయి. మొదటి సెమిస్టరు చివరలోగాని, రెండవ సెమిస్టరు చివరలోగాని మీ ఎంపికను చెప్పాలి. విద్యాసంస్థ ఒక కమిటీని వేసి, మీ మార్కులను, శక్తిని పరిశీలించి నిర్ణయిస్తుంది. వేగవంతమైన దారిలోకి మంజూరైన సీట్లలో 10 శాతం మించకుండా తీసుకోవాలని ఆ విధివిధానాల్లో ఉంది. పొడిగించిన దారికి అటువంటి పరిమితి లేదు. ఏ దారిలో వెళ్లినా చదవవలసిన పాఠ్యాంశం ఒకటే, సంపాదించవలసిన క్రెడిట్లు అవే, చివరికి వచ్చే డిగ్రీ అదే. తక్కువ కాలంలో పూర్తిచేశారనో, ఎక్కువ కాలంలో పూర్తిచేశారనో ట్రాన్స్‌క్రిప్టులో ఒక మాట రాస్తారు, అంతే. ఉద్యోగాలకూ పై చదువులకూ ఈ డిగ్రీలను మామూలు డిగ్రీలతో సమానంగానే చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. యూజీసీ వీలు కల్పించింది. అమలు చేయడం, చేయకపోవడం విద్యాసంస్థ నిర్ణయం. మీ కళాశాల ఏదైనా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటే ఆ విశ్వవిద్యాలయం ముందు నిబంధనలు మార్చుకోవాలి. పత్రికలో చదివి వెంటనే ఫీజు లెక్కలు వేసుకోకండి. ముందు కార్యాలయంలో కనుక్కోండి.

క్రెడిట్ అంటే గంటలే

మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి 160. ఈ అంకెలు 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన పాఠ్యప్రణాళిక చట్రంలో ఉన్నాయి. జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక్కొక్క క్రెడిట్‌కు 30 గంటల శ్రమ అని లెక్క. తరగతిలో కూర్చున్న సమయం, ప్రయోగశాలలో గడిపిన సమయం, ఇంటి దగ్గర చదువుకున్న సమయం, అన్నీ కలిపి. ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటలు.

ఒక కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి. సెమిస్టరుకు 20 క్రెడిట్లు అంటే 600 గంటలు. బోధన జరిగే వారాలు 15 అనుకుంటే వారానికి 40 గంటలు. ఇది మామూలు దారి. మొదటి సెమిస్టరు తరువాత మీరు వేగవంతమైన దారి పట్టారనుకోండి. మిగిలిన 100 క్రెడిట్లను నాలుగు సెమిస్టర్లలో పూర్తిచేయాలి. సెమిస్టరుకు 25 క్రెడిట్లు, వారానికి 50 గంటలు. ఒకవేళ రెండవ సెమిస్టరు తరువాత నిర్ణయించుకుంటే 80 క్రెడిట్లు మూడు సెమిస్టర్లలో. వారానికి 53 గంటలు దాటుతుంది. నాలుగేళ్ల డిగ్రీని రెండవ సెమిస్టరు తరువాత మొదలుపెట్టి ఆరు సెమిస్టర్లకే ముగించాలంటే 120 క్రెడిట్లు నాలుగు సెమిస్టర్లలో రావాలి. వారానికి 60 గంటలు. పొడిగించిన దారిలో, మూడేళ్ల డిగ్రీని ఎనిమిది సెమిస్టర్లకు పంచితే మొదటి సెమిస్టరు తరువాత వారానికి సుమారు 29 గంటలు చాలు.

ఇప్పుడు మీ వారాన్ని చూడండి. వారానికి 168 గంటలు. ఇందులో ధనవంతుడికీ పేదవాడికీ తేడా లేదు. నిద్రకు రోజుకు ఎనిమిది గంటల చొప్పున 56 పోతే 112 మిగులుతాయి. ఊరి నుంచి బస్సు పాస్ మీద వచ్చిపోయే విద్యార్థికి రోజుకు మూడు గంటలు, ఆరు రోజులకు 18 గంటలు దారిలోనే గడుస్తాయి. స్నానం, భోజనం, ఇంటి పనులు రోజుకు మూడు గంటలంటే 21. మిగిలింది 73. హాస్టల్లో ఉండి, వేరే బాధ్యతలు లేని విద్యార్థికి 50 గంటలు పెద్ద కష్టం కాదు. అదే విద్యార్థి వారానికి 30 గంటలు ఎక్కడైనా పనిచేస్తుంటే మిగిలేవి 43. అందులో 50 పట్టవు. తెలివితేటలతో దీనికి సంబంధం లేదు. అయిదు లీటర్ల బిందెలో ఆరు లీటర్లు పట్టవు.

ఇంగ్లండులో బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 1976లో బోధన ప్రారంభించినప్పటి నుంచి రెండేళ్ల డిగ్రీలు నడుపుతోంది. అక్కడి పద్ధతి వేరు. ఏడాదికి మూడు టర్మ్‌లకు బదులు నాలుగు టర్మ్‌లు పెట్టి, సెలవులను తగ్గించారు. వారం బరువును అంతగా పెంచలేదు. మన దగ్గర వేగమంటే ఎక్కువగా వారం బరువు పెరగడమే. ఈ తేడాను గుర్తుంచుకోండి.

పాఠాల గొలుసు

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. ఈ వార్త వచ్చిన కొద్ది నెలలకు, రెండవ సెమిస్టరు చదువుతున్న ఒక అమ్మాయి పత్రిక ముక్క చేతపట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. తల్లి టిఫిన్ బండి నడుపుతుంది. తండ్రి వైద్యానికి చేసిన అప్పు తీరలేదు. "మేడమ్, అయిదు సెమిస్టర్లలో అయిపోతే ఆరు నెలల ముందే ఉద్యోగంలో చేరవచ్చు కదండీ?" అని అడిగింది. మార్కులు బాగానే వచ్చే అమ్మాయి. కమిటీ అంటూ ఉంటే ఒప్పుకునే రకం.

నేను అవుననలేదు, కాదనలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి, మూడేళ్లలో చదవవలసిన ముఖ్యమైన పేపర్లన్నీ రాయమన్నాను. తరువాత, ఏది రాకపోతే ఏది అర్థం కాదో బాణం గుర్తులు వేయమన్నాను. కలనగణితం నుంచి అవకలన సమీకరణాలకు ఒక బాణం. అక్కడి నుంచి తరంగాలకు, డోలనాలకు. అక్కడి నుంచి విద్యుదయస్కాంతత్వానికి, క్వాంటమ్ యాంత్రికశాస్త్రానికి. దాని నుంచి ఘనస్థితి భౌతికశాస్త్రానికి. అర్ధగంటలో కాగితం మీద ఒక గొలుసు తయారైంది. దానిలో ఒకదాని తరువాత ఒకటి తప్ప, పక్కపక్కన పెట్టలేని కొంకులు అయిదు తేలాయి. అందులో రెండు అప్పటికి పూర్తయ్యాయి. ఇంకా మూడు మిగిలాయి.

ఇంజనీర్లు పెద్ద కట్టడాల పనిని ఇలాగే గీసుకుంటారు. పునాది ఎండకుండా గోడ లేపలేరు, గోడ లేకుండా శ్లాబు వేయలేరు. తాపీ మేస్త్రీలను రెట్టింపు పెట్టినంత మాత్రాన సిమెంటు సగం రోజుల్లో గట్టిపడదు. పని మొత్తం ఎంత తొందరగా ముగుస్తుందో చెప్పేది ఆ గొలుసులోని అన్నిటికంటే పొడవైన దారి. క్రెడిట్ల మొత్తం దాని తరువాతే. బి.ఎస్సీ.లో భౌతికశాస్త్రం, గణితం గొలుసు పొడవైనవి. చరిత్ర, రాజనీతిశాస్త్రం వంటి వాటిలో పేపర్లు చాలావరకు పక్కపక్కన నిలబడతాయి. మధ్యయుగ భారతదేశానికి ముందే ఆధునిక ఐరోపా చదివినా కొంప మునగదు. వాణిజ్యశాస్త్రం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కనుక మీ మిత్రుడు బి.ఏ. అయిదు సెమిస్టర్లలో చేస్తున్నాడని మీరు బి.ఎస్సీ. అలాగే చేయగలరని అనుకోకండి.

ఆ అమ్మాయి గొలుసులో మూడు సెమిస్టర్లకు మూడు కొంకులు. కాగితం మీద సరిపోయింది. ఇంతలో ఆమే ఒక చిక్కు పట్టుకుంది. "మేడమ్, అయిదో సెమిస్టరు పేపర్లు జూన్ తరువాతే కదా చెబుతారు? నాలుగో సెమిస్టర్లో కూర్చుని ఆ పాఠం ఎక్కడ వినాలి?" నిజమే. మన కళాశాలల్లో ఒక పేపరును సాధారణంగా ఏడాదికి ఒక్కసారే చెబుతారు. బేసి సెమిస్టరు పాఠం సరి సెమిస్టరులో దొరకదు. కొంత భాగాన్ని 2017లో మొదలైన స్వయం వేదిక ద్వారా పూర్తిచేయవచ్చు. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు అక్కడి నుంచి తీసుకోవడానికి యూజీసీ నిబంధనలు అనుమతిస్తాయి. కాని ప్రయోగశాల పనిని తెర మీద చూసి నేర్చుకోలేము. వెర్నియర్ కాలిపర్స్ చేతిలో పట్టుకోనివాడికి దాని శూన్య దోషం ఎన్నిసార్లు వివరించినా ఒంటబట్టదు. ఇది ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్న విషయం.

ఊరే కాలం

జ్ఞాపకశక్తి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన తన మీదే తాను ప్రయోగాలు చేసుకున్నాడు. అర్థంలేని అక్షరసముదాయాలను వరుసలుగా రాసుకుని, బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కకట్టాడు. ఒకే రోజు వరుసగా 68 సార్లు చదివితే మరునాటికి మిగిలిన ఫలితం, మూడు రోజుల మీద పంచి 38 సార్లు చదివినా వచ్చింది. అంటే శ్రమ దాదాపు సగం తగ్గింది. మధ్యలో ఎడం ఇచ్చి చదివిన చదువు బాగా నిలుస్తుందన్న ఈ సంగతిని ఆ తరువాత ఎంతోమంది పరిశోధకులు మళ్లీమళ్లీ పరీక్షించి నిర్ధారించారు.

మన ఇళ్లలో ఆవకాయ పెట్టే వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ముక్క ఊరడానికి మూడు రోజులు పడుతుంది. మూడో నాడు తిరగకలుపుతారు. నూనె రెండింతలు పోసి ఒక్క రోజులో ఊరమంటే ఊరదు. ఒక సెమిస్టరులో అయిదు పేపర్లకు బదులు ఏడు పేపర్లు పెట్టుకుంటే మొదట పోయేది ఈ తిరగకలిపే సమయమే. పరీక్ష గట్టెక్కుతుంది. తరువాతి సెమిస్టరులో దాని మీద కట్టవలసిన పాఠం వచ్చినప్పుడు పునాది కనిపించదు.

అలాగని పొడిగించిన దారిలో వెళితే చదువు దానంతటదే నిలుస్తుందని కాదు. ఎడం వేరు, వదిలేయడం వేరు. ఆరు నెలలపాటు గణితం పుస్తకం తెరవకుండా ఉండి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, మొదటి నెలంతా పోగొట్టుకున్నది వెతుక్కోవడంలో గడుపుతారు. నిదానంగా చదివేవారు వారానికి ఒక గంటైనా పాత సబ్జెక్టును తిరగేయాలి.

ఆరు నెలలు ఎక్కడికి పోతాయి?

తిరిగి మన రైతు ప్రశ్నకు వద్దాం. మిగిలిన కాలంలో ఏం వేస్తారు?

జూన్, జూలైలలో చేరిన విద్యార్థి అయిదు సెమిస్టర్లు ముగించేసరికి డిసెంబరో జనవరో అవుతుంది. మన రాష్ట్రాలలో ఎం.ఎస్సీ., ఎం.ఏ. ప్రవేశ పరీక్షలు, బి.ఇడి. ప్రవేశ పరీక్ష ఏడాదికి ఒక్కసారి, వేసవి ప్రాంతంలో జరుగుతాయి. కనుక పై చదువులకు వెళ్లదలచినవారికి మిగిలిన ఆరు నెలలు ఎదురుచూపుల్లోనే గడుస్తాయి. ఆరు సెమిస్టర్ల వాళ్లూ మీరూ ఒకే హాలులో పరీక్ష రాస్తారు. ఏడాదికి రెండుసార్లు ప్రవేశాలు జరుపుకోవడానికి కూడా యూజీసీ వీలు కల్పించింది గాని, అదీ విద్యాసంస్థల ఇష్టమే. మీరు చేరదలచిన చోట జనవరి ప్రవేశం ఉంటే అది వేరు. ముందు అది కనుక్కోండి.

ఉద్యోగాల సంగతి. సివిల్ సర్వీసుల పరీక్షకు కనీస వయస్సు 21. స్టేట్ బ్యాంక్ ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకూ అంతే. పదిహేడు నిండకుండా ఇంటర్మీడియెట్ ముగించిన పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లు పంతొమ్మిదిన్నరకు డిగ్రీ పట్టా పుచ్చుకుంటే ఈ పరీక్షలకు ఇంకా ఏడాదిన్నర ఆగాలి. ఇక ప్రైవేటు సంస్థల ప్రాంగణ నియామకాలు సాధారణంగా చివరి సంవత్సరం విద్యార్థులందరికీ కలిపి జరుగుతాయి. మీ బ్యాచ్ కంటే ముందు వెళ్లిపోతే ఆ జాబితాలో మీ పేరు ఎక్కడ ఉంటుందో ప్లేస్‌మెంట్ అధికారిని ముందే అడగాలి.

మరి ఎవరికి లాభం? ఇంటి వ్యాపారంలోకి వెళ్లేవారికి, చేతిలో ఇప్పటికే ఉద్యోగం ఉండి డిగ్రీ లేక పదోన్నతి ఆగినవారికి, జనవరిలో మొదలయ్యే కోర్సులో సీటు చూసుకున్నవారికి ఆ ఆరు నెలలు నిజంగా మిగులుతాయి. హాస్టలు ఖర్చు కూడా ఒక సెమిస్టరుది తగ్గుతుంది. ఇంటి పరిస్థితిని బట్టి అది చిన్న మొత్తం కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీని అందరికీ తప్పనిసరి చేసినప్పుడు వచ్చిన ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి, పేద కుటుంబం మీద ఇంకో ఏడాది ఖర్చు పడుతుందనేది. 2014 జూన్‌లో దానిని రద్దు చేశారు. 2022లో నాలుగేళ్ల పద్ధతి అక్కడికి మళ్లీ వచ్చింది, ఈసారి మూడేళ్లకే బయటికి వచ్చే దారి కూడా ఉంచి.

నాలుగో సంవత్సరం గురించి అడిగేవారికి ఒక చిన్న లెక్క. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ కలిపితే అయిదు. నాలుగేళ్ల డిగ్రీ, ఒక ఏడాది పీజీ కలిపినా అయిదే. కనుక మీరు వెళ్లదలచిన చోట ఏడాది పీజీ ఉంటే నాలుగో సంవత్సరం అదనం కాదు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవారు నేరుగా పీహెచ్.డి.కి అర్హులని 2022 నిబంధనలు చెబుతున్నాయి. అమెరికా వెళ్లాలనుకునే పిల్లలు మాత్రం కాలాన్ని కుదించుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి. అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్ని పదహారేళ్ల చదువు అడుగుతాయి. వాళ్లు మన క్రెడిట్లు చూస్తారా, సంవత్సరాలు చూస్తారా అన్నది ఆయా విశ్వవిద్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి.

నిదానం అంటే తప్పడమా?

అదే ఏడాది నా దగ్గరకు వచ్చిన మరో విద్యార్థి ఈ ప్రశ్న వేశాడు. రాత్రి ఒంటిగంట దాకా బండి మీద భోజనం పార్సిళ్లు అందించి, ఉదయం తొమ్మిదిన్నర క్లాసులో కునికిపాట్లు పడే కుర్రాడు. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి. మానేస్తానన్నాడు. పొడిగించిన దారి గురించి చెప్పాను. "డిటెయిన్ అయ్యాడనుకుంటారు మేడమ్" అన్నాడు.

మూడేళ్ల డిగ్రీని నాలుగేళ్లకో అయిదేళ్లకో పూర్తిచేసినవాళ్లు మన దగ్గర కొత్తగా పుట్టలేదు. సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాసి, పరీక్ష ఫీజులు కట్టి గట్టెక్కినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు కూడా కాలాన్ని పొడిగించుకున్నవాళ్లే, అనుకోకుండా, అవమానపడుతూ. సెమిస్టరుకు ఆరు పేపర్లు రాసి మూడు పోగొట్టుకోవడం కంటే నాలుగే తీసుకుని నాలుగూ నిలబెట్టుకోవడం మేలు కదా? ఆ కుర్రాడికి వారానికి 43 గంటలే ఉన్నాయని ఇందాకటి లెక్క. 29 గంటల చదువు అందులో పడుతుంది, కొంచెం నిద్ర కూడా.

నా సంగతి కూడా చెబుతాను. నేను చదివిన రోజుల్లో సెమిస్టర్లు లేవు, ఏడాదికి ఒకసారి పరీక్షలు. రెండవ సంవత్సరం పరీక్షల ముందు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. పరీక్ష రాయలేదు. కళాశాలలో ఎవరిని అడిగినా వచ్చే ఏడాది చూద్దామన్నారే తప్ప, సెప్టెంబరులో రాసుకోవచ్చని ఒక్కరూ చెప్పలేదు. ఆ గడువు దాటిపోయిన తరువాతే నాకు తెలిసింది. ఇంట్లో నాన్న "చదివింది చాలు, సంబంధాలు చూద్దాం" అన్నారు. మా మేనమామ వచ్చి, ఏడాది ఆగండి బావగారూ అని బతిమాలాడు. ఆ ఏడాది మా వీధిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. న్యూటన్ మూడవ నియమం నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. అప్పటిదాకా నాకు వచ్చింది దాని నిర్వచనం మాత్రమే.

ఇది విని ఆలస్యం మంచిదని అనుకోకండి. నాతో కలిసి చేరిన స్నేహితురాలు నాకంటే ముందు ఉద్యోగంలో చేరింది, సర్వీసు మొత్తం నాకంటే ఒక ఏడాది సీనియర్‌గానే ఉంది. పదోన్నతి, ఇంక్రిమెంటు, అన్నీ ఏడాది ముందు. ఆ లెక్క ఎప్పటికీ సమం కాలేదు. మా ఇంట్లో ఈనాటికీ దానిని 'పోయిన ఏడాది' అనే అంటారు.

అడగవలసినవి

ఏ దారి పట్టదలచుకున్నా రెండవ సెమిస్టరు పరీక్షల ముందే కార్యాలయానికి వెళ్లండి. మొదట అడగవలసింది స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి. ఇటువంటి పథకాలు సాధారణంగా కోర్సు మామూలు కాలాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. పొడిగించుకున్న సెమిస్టర్లకు డబ్బు వస్తుందా, ఆ ఫీజు మీరే కట్టాలా అన్నది నోటిమాటగా కాక, రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పొడిగించిన దారిలో అన్నిటికంటే పెద్ద గుంట ఇదేనని నా అభిప్రాయం. హాస్టల్ సీటు, బస్సు పాస్ ఏడో సెమిస్టరులో కొనసాగుతాయా అన్నది కూడా దానితోపాటే అడగండి. వేగవంతమైన దారి పట్టేవారు, ముందుకు జరుపుకునే పేపర్లను ఎవరు చెబుతారు, ప్రాక్టికల్స్ ఎక్కడ చేయాలి, మధ్యలో బరువనిపిస్తే మామూలు దారికి తిరిగి రావచ్చా అని అడగాలి.

మీ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ పేరున జమ అవుతున్నాయో లేదో ప్రతి సెమిస్టరు తరువాత చూసుకోండి. ఇది 2021లో మొదలైంది. అసలు చదువు ఆపక తప్పని పరిస్థితి వస్తే ఊరికే మానేయవద్దు. మొదటి ఏడాది 40 క్రెడిట్లతోపాటు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్ తీసుకుని బయటికి రావచ్చు. మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలోపు డిగ్రీ పూర్తిచేసుకోవచ్చు.

టిఫిన్ బండి వారి అమ్మాయి కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లింది. వారం తరువాత వచ్చి, జనవరిలో మొదలయ్యే పీజీ తనకు అందుబాటులో ఎక్కడా లేదని, ఆరు సెమిస్టర్లే చదువుతానని చెప్పింది. పెరిగే పదమూడు గంటలను సాయంత్రం ట్యూషన్లకు పెట్టి, ఇంట్లో అప్పుకు నెలనెలా కొంత కడుతోంది. పార్సిళ్ల కుర్రాడు పొడిగింపు కోరుతూ దరఖాస్తు రాశాడు. స్కాలర్‌షిప్పు ప్రశ్నకు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా సమాధానం రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అతను ప్రతి సోమవారం వెళ్లి గుమాస్తాగారిని పలకరించి వచ్చాడు. మొదటి రోజే దరఖాస్తు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాడు కాబట్టి గడువు దాటిందని ఎవరూ అనలేకపోయారు. మీరూ వేయించుకోండి.